అంగడి సరుకుకు ముఖమిచ్చిన బొమ్మలు

వ్యాపార ప్రకటనల్లో కనిపించే బొమ్మలు రెండు తరగతులు. మొదటిది మార్కు. డబ్బా మీదో పొట్లం మీదో కదలకుండా నిలబడి, లోపలి సరుకు ఫలానా కంపెనీదని చెప్పడమే దాని పని. కోతి మార్కు పళ్లపొడి, కోడి మార్కు టపాసులు, ఓడ బొమ్మ అగ్గిపెట్టె ఈ కోవలోవి. రెండోది పాత్ర. దానికి పేరుంటుంది, వేషముంటుంది, ఒక తీరూ స్వభావమూ ఉంటాయి. నిన్న ఒక మాట అన్నది ఇవాళ ఇంకో మాట అంటుంది. అమూల్ పాప, ఎయిర్ ఇండియా మహారాజా, మిషెలిన్ టైర్ల మనిషి, వొడాఫోన్ జూజూలు ఈ రెండో తరగతివి. మార్కును జనం గుర్తుపడితే చాలు. పాత్రను మాత్రం ఇష్టపడాలి, దాని తర్వాతి మాట కోసం ఎదురుచూడాలి.

రెండింటికీ పుట్టుక ఒకచోటే. 19వ శతాబ్దం నడిమి దాకా ఉప్పూ పప్పూ సబ్బూ బస్తాల్లోంచీ పీపాల్లోంచీ తూచి ఇచ్చేవారు. సరుకు మంచిదా కాదా అన్నదానికి కొట్టువాడి మాటే హామీ. యంత్రాలు వచ్చి సరుకు పొట్లాల్లో, సీసాల్లో, డబ్బాల్లో దూరాభారం నుంచి దిగడం మొదలయ్యాక ఆ హామీ ఇచ్చే మనిషి కనిపించకుండా పోయాడు. ఆ ఖాళీలో బొమ్మ వచ్చి కూర్చుంది. పైగా కొనేవారిలో చాలామందికి అక్షరాలు రావు. మాంచెస్టరు మిల్లుల నుంచి భారతదేశానికి వచ్చే బట్టల తానుల మీద రంగురంగుల కాగితపు టికెట్లు అంటించేవారు. వాటి మీద దేవుళ్లు, ఏనుగులు, రాజులు, పులులు ఉండేవి. కంపెనీ పేరు చదవలేని కొనుగోలుదారు టికెట్ మీది బొమ్మ చూపించి అదే గుడ్డ అడిగేవాడు. బొమ్మ విలువ పెరిగేసరికి దొంగ బొమ్మలూ వచ్చాయి, వాటితోపాటు చట్టమూ వచ్చింది. బ్రిటన్‌లో 1875 చట్టం కింద 1876 జనవరి 1న మార్కుల నమోదు మొదలైంది. మొట్టమొదట నమోదైనది బాస్ బీరు కంపెనీ ఎర్ర త్రికోణం. భారతదేశానికి సొంత ట్రేడ్‌మార్కుల చట్టం 1940లో గానీ రాలేదు.

అలా వచ్చిన తొలి బొమ్మల్లో తెలుగు ఇళ్లకు బాగా దగ్గరైనది ఉడ్‌వర్డ్స్ గ్రైప్ వాటర్ సీసా మీది శిశువు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1851లో విలియం ఉడ్‌వర్డ్ తయారుచేసిన మందు అది. రెండు చేతులా పాముల్ని పట్టుకున్న ఆ పసివాడు గ్రీకు పురాణాల్లోని హెర్క్యులిస్. ఆ బొమ్మ చూసిన భారతీయ తల్లికి గుర్తొచ్చేవాడు మాత్రం కాళియమర్దనం చేసిన కృష్ణుడు. కంపెనీ కూడా ఇక్కడి ప్రకటనల్లో బాలకృష్ణుణ్ణే వాడుకుంది. తయారీదారు గీసిన బొమ్మకు కొన్నవారు తమ కథ జోడించుకోవడం ఈ రంగంలో పదేపదే కనిపిస్తుంది. బొమ్మలు ఎల్లలు దాటి వెళ్లగలగడానికి ఇదొక ముఖ్య కారణం.

పాశ్చాత్య దేశాల్లో తొలి మానవరూప గుర్తుల్లో క్వేకర్ ఓట్స్ పెద్దమనిషి ఒకడు. 1877లో అమెరికాలో నమోదయ్యాడు. క్వేకర్లనే మత శాఖతో ఆ కంపెనీకి ఏ సంబంధమూ లేదు. వారికి నిజాయితీపరులన్న పేరుంది, ఆ పేరు సరుకుకు అంటుకోవాలన్నదే ఉద్దేశం. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన కుక్క బొమ్మ కథ ఇంకా ఆసక్తికరం. ఫ్రాన్సిస్ బరో అనే ఇంగ్లిషు చిత్రకారుడి అన్న దగ్గర నిప్పర్ అనే కుక్క ఉండేది. అన్న పోయాక అది బరో ఇంటికి చేరింది, 1895లో చచ్చిపోయింది. ఫోనోగ్రాఫ్ గొట్టం ముందు తల పక్కకు వంచి వింటున్న దాని రూపాన్ని ఆయన తర్వాత బొమ్మ వేశాడు. మొదటి బొమ్మలో ఉన్నది ఎడిసన్ తరహా సిలిండర్ యంత్రం. గొట్టం నల్లగా ఉంది, ఇత్తడిదైతే బాగుంటుందని, నమూనాకు ఒకటి అడగడానికి 1899లో ఆయన లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీకి వెళ్లాడు. పాత యంత్రాన్ని చెరిపేసి తమ గ్రామఫోన్ వేస్తే బొమ్మే కొంటామని అక్కడి మేనేజరు అన్నాడు. బరో అలాగే చేశాడు. బొమ్మకు 50 పౌండ్లు, హక్కులకు 50 పౌండ్లు ముట్టాయి. కొత్త రంగు కింద పాత యంత్రం జాడ ఇప్పటికీ కనబడుతుంది. ఆ కంపెనీ 1908లో కలకత్తాలో రికార్డుల కర్మాగారం పెట్టింది. హరికథలూ పద్యనాటకాలూ సినిమా పాటలూ తెలుగు ఇళ్లకు మోసుకొచ్చిన రికార్డుల మీద ఆ కుక్క అర్ధశతాబ్దానికి పైగా తిరిగింది. దాన్ని చూసినవారిలో, బొమ్మతో పాటు రాసిన 'హిజ్ మాస్టర్స్ వాయిస్' అన్న మాటలు చదివినవారికన్నా బొమ్మను గుర్తుపట్టినవారే ఎక్కువ అనుకోవచ్చు.

నిప్పర్ అందమైనదే గానీ ఎప్పుడూ ఒకే భంగిమలో ఉంటుంది. అదే కాలంలో ఫ్రాన్సులో పుట్టిన టైర్ల మనిషి భంగిమ విడిచి నడవడం మొదలుపెట్టాడు. 1894లో లియాన్ ప్రదర్శనలో దొంతరగా పేర్చిన టైర్లను చూసి, చేతులుంటే అచ్చం మనిషిలా ఉంటుందని ఎదువార్ మిషెలిన్ తన అన్న ఆంద్రేతో అన్నాడట. నాలుగేళ్లకు, ఒగాలో అనే కలంపేరుతో బొమ్మలు వేసే మారియస్ రొసియోఁ ఒక బీరు కంపెనీ వద్దన్న పోస్టరు చూపించాడు. అందులో లావుపాటి మనిషి ఒకడు గ్లాసు పైకెత్తి లాటిన్‌లో 'ఇక తాగాల్సిందే' అంటున్నాడు. మిషెలిన్ సోదరులు ఆ తాగుబోతు స్థానంలో టైర్ల మనిషిని నిలబెట్టారు. 1898 నాటి ఆ పోస్టరును దగ్గరగా చూడటం మంచిది. బల్ల మధ్యలో తెల్లటి టైర్ల దొంతర మనిషై నిలబడ్డాడు. ముక్కు మీద కళ్లద్దాలు. చేతిలోని పాత్ర నిండా మేకులు, గాజు పెంకులు. అటూ ఇటూ గాలి పోయి వాడిపోయిన పోటీ టైర్లు దిగాలుగా చూస్తున్నాయి. దారిలో ఏ అడ్డు వచ్చినా మా టైరు మింగేస్తుందని చెప్పే ప్రకటన అది. చెప్పవలసినదంతా ఆ పాత్ర చేసే పనిలోనే ఉంది, వేరే మాట అక్కర్లేదు. లాటిన్ మాటలోంచి అతనికి బిబెండమ్ అన్న పేరు స్థిరపడింది. అప్పటికి టైర్లలో నల్ల కార్బన్ కలపడం లేదు కనుక ఒళ్లు తెలుపు. టైర్లన్నీ నల్లబడ్డాక కూడా అతను తెల్లగానే ఉండిపోయాడు. చుట్టా కళ్లద్దాలూ మాత్రం క్రమంగా పోయాయి. మోటారు కారు ధనవంతుల సొత్తుగా ఉన్నప్పుడు దర్జా ఒలకబోసిన బొమ్మ, అందరి వాహనమయ్యాక నవ్వుతూ చెయ్యి ఊపే స్నేహితుడైంది.

అమెరికాలో ఈ పద్ధతి పరిశ్రమ స్థాయికి చేరింది. 1916లో ప్లాంటర్స్ కంపెనీ పెట్టిన పోటీలో వర్జీనియాకు చెందిన ఒక బడి పిల్లవాడు వేసిన వేరుశనగకాయ మనిషి మిస్టర్ పీనట్ అయ్యాడు. 1921లో మినియాపొలిస్ పిండి మిల్లు ఒకటి బెట్టీ క్రాకర్ అనే స్త్రీని సృష్టించింది. రొట్టె ఎందుకు పొంగలేదు, కేకు మధ్యలో ఎందుకు కుంగింది అంటూ గృహిణులు రాసే ఉత్తరాలకు ఒక ఆడమనిషి సంతకంతో జవాబిస్తే బాగుంటుందని కంపెనీ తలచింది. ఇంటిపేరు రిటైరైన ఒక డైరెక్టరుది, సంతకం ఒక ఉద్యోగినిది. 1924 నుంచి ఆమె రేడియోలో వంటలు చెప్పింది, 1936లో ఆమెకు రూపచిత్రం తయారైంది. 1945లో ఫార్చ్యూన్ పత్రిక అమెరికాలో అత్యంత ప్రజాదరణ గల స్త్రీలలో ఎలినార్ రూజ్‌వెల్ట్ తర్వాతి స్థానం ఆమెకే ఇచ్చింది. ఆమె లేదని తెలియని పాఠకురాళ్లు ఎందరో. ఆ తర్వాత చికాగోకు చెందిన లియో బర్నెట్ ఏజెన్సీ గ్రీన్ జెయింట్‌ను తీర్చిదిద్దింది, 1952లో కెల్లాగ్స్ టోనీ పులిని, 1965లో పిల్స్‌బరీ పిండి పిల్లాణ్ణి తెచ్చింది. సరుకులో పుట్టుకతోనే ఒక నాటకీయత ఉంటుందని, దాన్ని పట్టుకోవడమే ప్రకటనకర్త పని అని బర్నెట్ నమ్మకం.

స్వతంత్ర భారతంలో తొలి గొప్ప పాత్ర గాలిలో ఎగిరింది. ఎయిర్ ఇండియా కమర్షియల్ డైరెక్టరు బాబీ కూకా, జె. వాల్టర్ థామ్సన్ ఏజెన్సీ చిత్రకారుడు ఉమేశ్ రావు కలిసి 1946లో మహారాజాను రూపొందించారు. మొదట అది విమానంలో ఇచ్చే చిన్న మెమో పుస్తకం కోసం వేసిన బొమ్మ. చారల తలపాగా, గద్ద ముక్కు, చెంపలు దాటి పోయే మీసాలు, నడుము వంచిన నమస్కారం. పారిస్ పోస్టరులో ప్రేమికుడు, టోక్యోలో సూమో మల్లుడు, ఇంకోచోట సన్యాసి. సంస్థానాలు విలీనమై, విమానయానం 1953లో జాతీయమైన తర్వాత కూడా ప్రభుత్వ సంస్థకు ప్రతినిధి మహారాజే కావడాన్ని అప్పట్లో విమర్శించినవారున్నారు. అతని ఒంట్లో రాచరక్తం లేదని, పేరుకు మాత్రమే మహారాజని కూకా సమాధానం. ఆ మాటలో నిజముంది. విమాన ప్రయాణం కొద్దిమందికే అందే కాలంలో, తానే నవ్వుల పాలయ్యే ఆ మహారాజు ఆ ప్రయాణంలోని డాంబికాన్ని కొంత తగ్గించాడు.

1954లో ఏషియన్ పెయింట్స్ కోసం ఆర్.కె. లక్ష్మణ్ ఒక కొంటె కుర్రవాణ్ణి గీశాడు. జుట్టు కళ్ల మీద పడుతుంటుంది, ఒక చేతిలో బ్రష్షు, ఇంకో చేతిలో రంగు కారుతున్న డబ్బా. పేరు పెట్టమని పోటీ పెడితే బొంబాయి వాసులు ఇద్దరు పంపిన 'గట్టు' అన్న పేరు గెలిచింది. ఇంటికి రంగులేయించుకోవడం మేస్త్రీ చేతిలో ఉండే రోజులవి, ఏ రంగు కొనాలో యజమాని కన్నా పనివాడికే బాగా తెలుసు. గట్టు వేషం పనివాడిది, అల్లరి ఇంటి పిల్లవాడిది. రంగు డబ్బాలమ్మే కొట్ల తలుపుల మీద, గోడల మీద దేశమంతా కనిపించిన ఆ కుర్రవాణ్ణి 2002లో కంపెనీ విరమింపజేసింది. వినియోగదారుడు రంగు కన్నా ఇంటి అలంకరణ గురించి ఆలోచిస్తున్నాడని భావించిన సంస్థకు, కారుతున్న డబ్బా చేతపట్టిన పిల్లవాడు సరిపోలేదు.

అమూల్ పాప విషయం వేరు, ఈ సమీక్షలో ఎక్కువ చోటు ఆమెకే దక్కాలి. గుజరాత్‌లోని ఆణంద్ పాల సహకార సంఘం వెన్నకు అప్పటి పోటీదారు పోల్సన్. దాని ప్రకటనల్లోనూ ఒక చిన్న పిల్ల ఉండేది. 1966లో అమూల్ ప్రచారాన్ని చేపట్టిన సిల్వెస్టర్ డకున్హా, చిత్రకారుడు యూస్టేస్ ఫెర్నాండెజ్ కలిసి నీలిరంగు జుట్టు, ఎర్ర చుక్కల గౌను, నెత్తిన పిలకతో ఒక అల్లరి పిల్లను తయారుచేశారు. బొంబాయి వీధి హోర్డింగుల మీద ఆమె మొదలైంది. హోర్డింగుకు రంగులు వేసేది చేత్తోనే కనుక గీతలు తక్కువగా, ఎవరైనా సులువుగా తిరిగి వేయగలిగేలా బొమ్మ ఉండాల్సి వచ్చింది. ఆ నిర్బంధమే ఆమెకు మేలు చేసింది. కాలం ఎంత మారినా ఆ గీతలు పాతబడలేదు.

ఆమెను మిగతా పాత్రల నుంచి వేరుచేసింది మాత్రం ఆమె చేసే పని. కొద్ది రోజులకే ఆమె వెన్న గురించి చెప్పడం తగ్గించి, ఊళ్లో జరుగుతున్న విషయాల మీద చమత్కారాలు విసరడం మొదలుపెట్టింది. ఎన్నికలు, క్రికెట్టు, సమ్మెలు, సినిమాలు, కుంభకోణాలు, ఏదీ వదల్లేదు. ఇది సాధ్యమైనది ఆ పాల సహకార సంఘాన్ని నడిపిన వర్గీస్ కురియన్ వల్ల. ముందుగా తనకు చూపించి అనుమతి తీసుకోనక్కర్లేదని ఆయన ఏజెన్సీకి స్వేచ్ఛ ఇచ్చాడు. పొద్దున జరిగిన సంగతి మీద మర్నాటికి హోర్డింగు లేవాలంటే అనుమతుల కాగితాలు తిరగడానికి వ్యవధి ఉండదు. ఆ స్వేచ్ఛకు వెల కూడా చెల్లించారు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ సమ్మె మీద వేసిన హోర్డింగుకు కోపగించి, తమ విమానాల్లో అమూల్ వెన్న పెట్టడం మానేస్తామని ఆ సంస్థ బెదిరించింది. వినాయక చవితికి వేసిన ఒక చమత్కారం మీద బొంబాయిలో ఆఫీసు ధ్వంసం చేస్తామన్న హెచ్చరికలు వచ్చాయి. 2009లో హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడినప్పుడు 'సత్యం శరం స్కాండలం' అని అదే పాప అన్నది. 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు చిందులేసిందీ ఆమే. వెన్న అమ్మే సంస్థ బొమ్మ దేశంలో వార్తావ్యాఖ్యాతగా మారడం ప్రపంచ ప్రకటనల చరిత్రలో చాలా అరుదు. సిల్వెస్టర్ డకున్హా 2023లో మరణించాడు. అంతకు చాలా ముందే ఆ పని ఆయన కొడుకు రాహుల్ చేతికి వచ్చింది. ఒకే కుటుంబం, ఒకే సహకార సంఘం దశాబ్దాల పాటు కలిసి నడవకపోతే ఈ పాత్ర ఇంతకాలం నిలిచేది కాదు.

1976లో దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాక బొమ్మలకు పోటీగా మనుషులే పాత్రలయ్యారు. అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ తన కూతురు నిరుపమ పేరు మీద 1969లో మొదలుపెట్టిన నిర్మా పొడి, తెల్ల గౌనులో గిరగిర తిరిగే పిల్లతో ఇంటింటికీ చేరింది. ధర హిందుస్థాన్ లీవర్ వారి సర్ఫ్ పొడితో పోలిస్తే చాలా తక్కువ. ఆ దెబ్బకు హిందుస్థాన్ లీవర్ ఇచ్చిన జవాబు లలితాజీ. లింటాస్ ఏజెన్సీలో అలిక్ పదంసీ రూపొందించిన ఈ పాత్రను కవితా చౌదరి పోషించింది. కూరగాయల దగ్గర బేరమాడే గట్టి మనిషి. చవకైనది వేరు, మంచిది వేరు అని కచ్చితంగా చెప్పేది. ధర తగ్గించకుండానే, ఎక్కువ ధర పెట్టడం తెలివితక్కువతనం కాదని గృహిణికి నచ్చజెప్పడం ఆమె పని. ఇంట్లో డబ్బు లెక్క చూసే స్త్రీని గౌరవంగా చూపిన తొలి టీవీ ప్రకటనల్లో అది ఒకటి.

1980లలో ఓనిడా టీవీ కోసం వచ్చిన కొమ్ముల దయ్యం పొరుగింటి అసూయను అమ్మకపు సరుకు చేసింది. దాన్ని తీసేయడం, మళ్లీ తేవడం ఒకటికి రెండుసార్లు జరిగింది. 2003లో హచ్ ఫోన్ ప్రకటనల్లో ఒక పిల్లవాడి వెంట ఎక్కడికి వెళ్లినా నడిచే పగ్ కుక్క, ఆ కంపెనీని వొడాఫోన్ కొన్నాక 2009 ఐపీఎల్ రోజుల్లో జూజూలు వచ్చారు. కోడిగుడ్డు తలలు, సన్నటి కాళ్లు చేతులు ఉన్న ఆ తెల్లటి ఆకారాలను అందరూ కంప్యూటర్ బొమ్మలనుకున్నారు. నిజానికి వాళ్లు మనుషులు. ఓగిల్వీ ఏజెన్సీ కోసం ప్రకాశ్ వర్మ దర్శకత్వంలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో చిత్రీకరించారు. సన్నని నటులకు గుడ్డ తొడుగులు వేసి, గట్టి ప్లాస్టిక్ తలలు తగిలించి, నవ్వూ ఏడుపూ రబ్బరు ముక్కలతో చేసి ఆ తలలకు అతికించారు. మనుషులు చిన్నగా కనబడేలా సెట్లు పెద్దవిగా కట్టారు, కదలికలు బొమ్మల్లా ఉండేలా కెమెరా వేగం మార్చారు. వాళ్లు మాట్లాడే భాష ఏ భాషా కాదు. ఒకే ప్రకటన తెలుగుకూ తమిళానికీ బెంగాలీకీ డబ్బింగ్ లేకుండా సరిపోయింది. ఇన్ని భాషల దేశంలో అది పెద్ద వెసులుబాటు.

తెలుగు నేల మీద వ్యాపారులు బొమ్మ పాత్రల కన్నా సినీ తారలనే ఎక్కువ నమ్ముకున్నారు. థమ్సప్ సీసా పట్టుకున్నది ఒకనాడు చిరంజీవి, తర్వాత మహేశ్‌బాబు. తార తెచ్చే ఆకర్షణ తక్షణం పనిచేస్తుంది, ఒప్పందం ముగిశాక మాత్రం పోటీ కంపెనీకి పోయినా అడ్డు లేదు. బొమ్మకు జీతం లేదు, ముసలితనం లేదు, రచ్చకెక్కదు. దాన్ని పెంచి పెద్ద చేయడానికి మాత్రం ఏళ్ల ఓపిక కావాలి. ఈ రెంటి మధ్య మూడో దారి యజమానే పాత్ర కావడం. కేఎఫ్‌సీ కల్నల్ శాండర్స్, ఎండీహెచ్ మసాలాల తలపాగా తాత ధరమ్‌పాల్ గులాటీ ఆ దారిలో వచ్చినవారు. తెలుగువారికి వెంటనే స్ఫురించేది గుండుతో, తెల్ల చొక్కాతో కెమెరా ముందుకొచ్చి 'డబ్బులు ఎవరికీ ఊరికే రావు' అనే లలితా జ్యువెలరీ కిరణ్ కుమార్. నగల ధరల చిట్టా చేతపట్టుకుని మాట్లాడే ఆ తీరు, పాత కొట్టువాడి మాటకున్న హామీని టీవీలోకి తిరిగి తెచ్చింది.

ఈ బొమ్మలు ఎందుకు పనిచేస్తాయన్న ప్రశ్నకు మనస్తత్వశాస్త్రం కొన్ని నమ్మదగిన జవాబులిచ్చింది. 1944లో హైడర్, సిమ్మెల్ అనే పరిశోధకులు రెండు త్రికోణాలు, ఒక వృత్తం కదిలే చిన్న చిత్రం చూపిస్తే, చూసినవారు దాన్ని తగాదాగా, తరుముడుగా, ప్రేమగా వర్ణించారు. కదిలే దేనికైనా మనసు అంటగట్టడం మనిషి స్వభావం. 1968లో రాబర్ట్ జయాంక్ పదేపదే కనిపించే వస్తువు మీద, ప్రత్యేక కారణమేమీ లేకుండానే, ఇష్టం పెరుగుతుందని నిరూపించాడు. పెద్ద తల, గుండ్రటి బుగ్గలు, పెద్ద కళ్లు చూస్తే పెద్దవారిలో లాలన కలుగుతుందని అంతకు ముందే కొన్‌రాడ్ లోరెంజ్ చెప్పాడు. గ్లాక్సో, మర్ఫీ, పార్లే పాపలకు అదే బలం. పార్లే-జి పొట్లం మీది పాప ఎవరన్న ఊహాగానాలు ఏళ్ల తరబడి తిరిగాయి, ఎవరెవరి పేర్లో వినిపించాయి. అది 1960లలో ఎవరెస్ట్ ఏజెన్సీ చిత్రకారుడు మగన్‌లాల్ దహియా వేసిన ఊహాచిత్రమని కంపెనీ చెప్పాక కూడా జనం నమ్మకం సడలలేదు. బొమ్మ వెనక ఒక మనిషి ఉండి తీరాలని చూసేవారే కోరుకుంటారు.

వాదన అక్కర్లేకుండా, చదువు అక్కర్లేకుండా మనసులోకి వెళ్లగలగడమే పాత్ర శక్తి కనుక, వాదించలేనివారి మీద, అంటే పిల్లల మీద, దాని ప్రభావం అన్నిటికన్నా ఎక్కువ. ఇక్కడే ఈ విషయం ముచ్చట దాటి బాధ్యత దాకా వస్తుంది. 1988లో ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ క్యామెల్ సిగరెట్లకు జో క్యామెల్ అనే నల్ల కళ్లద్దాల ఒంటెను అమెరికాలో ప్రవేశపెట్టింది. 1991 డిసెంబరులో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయిన అధ్యయనంలో, 3 నుంచి 6 ఏళ్ల వయసున్న 229 మంది పిల్లలకు బొమ్మలిచ్చి ఏ సరుకుకు చెందినదో జత చేయమన్నారు. ఆరేళ్ల పిల్లల్లో 91 శాతం మంది ఒంటెను సిగరెట్టుతో జత చేశారు. డిస్నీ చానల్ గుర్తును గుర్తుపట్టినవారి సంఖ్యకు అది దాదాపు సమానం. పిల్లలు తమ లక్ష్యం కాదని కంపెనీ వాదించింది. లక్ష్యం ఏదైనా, ఫలితం కళ్ల ముందుంది. కోర్టు కేసులు, ప్రభుత్వ ఫిర్యాదుల మధ్య 1997లో ఒంటెను ఉపసంహరించారు. 1998 నవంబరులో 46 రాష్ట్రాలతో పొగాకు కంపెనీలు చేసుకున్న ఒప్పందం పొగాకు ప్రకటనల్లో కార్టూన్లను పూర్తిగా నిషేధించింది. లియో బర్నెట్ ఏజెన్సీ 1950లలో తయారుచేసిన మార్ల్‌బరో గుర్రపు రౌతు కూడా పాత్రే. ఆడవారి సిగరెట్టుగా అమ్ముడైన దాన్ని మగతనానికి ప్రతీకగా మార్చిన ఆ పాత్ర నైపుణ్యాన్ని ప్రకటనల పుస్తకాలు పొగుడుతూ ఉంటాయి. ఆ నైపుణ్యం ఏ సరుకు కోసం ఖర్చయిందో కూడా అదే పేజీలో రాయాలి.

తిండి విషయంలో సాక్ష్యం కాస్త మెత్తగా ఉన్నా దిశ అదే. 2010లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 4 నుంచి 6 ఏళ్ల పిల్లలు 40 మందికి ఒకే తినుబండారాన్ని రెండు పొట్లాల్లో ఇచ్చారు, ఒకదాని మీద కార్టూన్ పాత్ర ఉంది, రెండోదాని మీద లేదు. బొమ్మ ఉన్న పొట్లంలోదే రుచిగా ఉందని ఎక్కువమంది అన్నారు. బిస్కెట్లకూ జెల్లీ మిఠాయిలకూ కనిపించినంత బలంగా ఆ తేడా క్యారెట్లకు కనిపించలేదు. బొమ్మలతోనే పిల్లల చేత కూరగాయలు తినిపించవచ్చనే వాదన ఆ మేరకు బలహీనపడుతుంది. చిలీ 2016లో అమల్లోకి తెచ్చిన చట్టం చక్కెర, ఉప్పు, కొవ్వు మోతాదు మించిన ఆహారాల పొట్లాల మీద ఇలాంటి పాత్రలు ఉండరాదంది. టోనీ పులి అక్కడ డబ్బా మీద నుంచి మాయమైంది. మెక్సికో కూడా ఆ దారి పట్టింది. భారతదేశంలో 2020 నాటి ఆహార భద్రత నిబంధనలు బడి ఆవరణలోనూ చుట్టూ 50 మీటర్లలోనూ అలాంటి తిండి ప్రకటనలను కాదన్నాయి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు పిల్లల చానళ్లలో, పిల్లల కార్యక్రమాల నడుమ జంక్ ఫుడ్ ప్రకటనలు కూడదన్నాయి. ఇంకా బడికి వెళ్లని పిల్ల కిరాణా కొట్లో వేలు చూపించి అడిగేది మాత్రం పొట్లం మీది బొమ్మనే. చిలీ సరిగ్గా అక్కడ చెయ్యి పెట్టింది కనుకనే ఆ చట్టం మిగతావాటికన్నా గట్టిది.

ఇంకో రకం హాని బొమ్మ కన్నా ముందే సమాజంలో ఉన్నది, బొమ్మ దాన్ని మోసుకు తిరిగింది. 1889లో మిసోరీలో పుట్టిన ఆంట్ జెమైమా అట్ల పిండికి ఆ పేరు ఒక నాటక పాట నుంచి వచ్చింది, అది తెల్లవారు ముఖానికి నల్లరంగు పూసుకుని ఆడే వినోదం. తలగుడ్డ కట్టుకుని యజమాని ఇంట సంతోషంగా వండిపెట్టే నల్లజాతి వంటమనిషి ఆ పాత్ర. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ వేషం కట్టి, రాక్షస పరిమాణంలో ఉన్న పిండి పీపా పక్కన అట్లు పోసి, దక్షిణాది పాతరోజుల కథలు చెప్పినది నాన్సీ గ్రీన్. కెంటకీలో బానిసగా పుట్టిన మనిషి ఆమె. బానిసత్వం అనుభవించిన స్త్రీ చేతనే బానిసత్వం తియ్యగా ఉండేదని చెప్పించారు. 1923లో చికాగోలో ఆమె మరణించినప్పుడు సమాధికి రాయి కూడా లేదు, 2020 దాకా లేదు. తలగుడ్డ తీసేయడం, చెవులకు ముత్యాలు పెట్టడం లాంటి మరమ్మతులతో క్వేకర్ ఓట్స్ కంపెనీ ఆ బొమ్మను నెట్టుకొచ్చింది. 2020లో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత దాన్ని తీసేస్తామని ప్రకటించింది, మరుసటేడు సరుకు పేరే మారింది. అంకుల్ బెన్స్ బియ్యానికీ అదే జరిగింది. 130 ఏళ్ల జ్ఞాపకాన్ని చెరిపేస్తున్నారని కొందరు బాధపడ్డారు. ఆ జ్ఞాపకం ఎవరిది, ఎవరి ఖర్చు మీద నిలిచింది అన్నది వారు వేసుకోవలసిన ప్రశ్న.

హచ్ పగ్ వల్ల జరిగింది ఎవరూ తలపెట్టని హాని. ప్రకటన తర్వాత నగరాల్లో ఆ జాతి కుక్కలకు గిరాకీ బాగా పెరిగింది. ముక్కు నొక్కుకుపోయిన ఆ జాతికి పుట్టుకతోనే ఊపిరి ఇబ్బంది, వేడి దేశంలో అది మరింత కష్టం. నిజమైన జంతువును పాత్ర చేసినప్పుడు జనం బొమ్మతో సరిపెట్టుకోరు, జంతువునే కొంటారు.

పాత్ర ఎవరిదన్నది కోర్టులను చాలా సతాయించింది. గులాబీ రంగు కుందేలును బ్యాటరీలకు వాడింది 1973లో డ్యూరాసెల్. 1989లో ఎనర్జైజర్ దాన్ని వెక్కిరిస్తూ తన కుందేలును దింపింది. ఇప్పుడు ఉత్తర అమెరికాలో కుందేలు ఎనర్జైజర్‌ది, ఇతర దేశాల్లో డ్యూరాసెల్‌ది. పెట్రోలు కంపెనీ ఎక్సాన్ తన పులిని తిండి పదార్థాలు అమ్మే దుకాణాల్లోకి తెచ్చేసరికి 1996లో కెల్లాగ్స్ కోర్టుకెక్కింది. నిప్పర్ హక్కులైతే దేశానికొక కంపెనీ పంచుకున్నాయి. ఈ తగాదాల నుంచి తప్పించుకున్న తెలివైన ఏర్పాటు జపాన్‌లో ఉంది. 2010లో కుమమోతో ప్రాంత ప్రభుత్వం షింకాన్‌సెన్ రైలు రాక సందర్భంగా కుమమోన్ అనే నల్ల ఎలుగుబంటిని సృష్టించింది. కుమమోతోకు మేలు చేసే సరుకు మీద ఎవరైనా అనుమతి తీసుకుని రుసుము లేకుండా వాడుకోవచ్చంది. బొమ్మ వేల సరుకుల మీదికి ఎక్కింది, ప్రచారం ఖర్చు వ్యాపారులే భరించారు. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ లాంటి బొమ్మల ఊళ్లున్న తెలుగు రాష్ట్రాలకు ఈ పద్ధతి పరిశీలించదగినది.

పాత్రల విరమణకు సాధారణంగా మూడు కారణాలు. జో క్యామెల్, ఆంట్ జెమైమాలను సమాజం దింపింది. గట్టును సొంత కంపెనీ అభిరుచి దింపింది. మూడోది యాజమాన్యం మారడం. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి తిరిగొచ్చింది, 2023 ఆగస్టులో కొత్త లోగో వచ్చింది. మహారాజాను పూర్తిగా తీసేయలేదు, లాంజ్‌ల వంటి పరిమిత చోట్లకు మళ్లించారు. బిబెండమ్ మాత్రం 1898 నుంచి ఒకే కంపెనీలో, ఒకే సరుకుకు పనిచేస్తున్నాడు.